ఎయిర్‌బ్రష్‌తో మోడల్ విమానానికి రంగు వేస్తే ఇసుకలా పడుతోంది, తప్పు బ్రష్‌దా నాదా?

హన్మకొండలో డిగ్రీ చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1/72 స్కేల్ స్పిట్‌ఫైర్ మార్క్ 1 కిట్ కొన్నాడు. డ్యుయల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే చిన్న స్ప్రే గన్), దానికి గాలి అందించే ట్యాంక్ లేని చిన్న కంప్రెసర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. రంగు వేస్తే రెక్క మీద ఒకచోట ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది, ఇంకోచోట సాలెపురుగు కాళ్లలా పక్కలకి పాకింది, మధ్యలో చుక్కలు చుక్కలుగా ఉమ్మింది. "అన్నా, బ్రష్ చెడ్డదా? ఇంకా ఖరీదైనది కొనాలా? ఇది చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు.

కొత్త బ్రష్ కొనకు తమ్ముడూ. నీ దగ్గరున్న 0.3 మిల్లీమీటర్ల నాజిల్, అంటే రంగు బయటికి వచ్చే మూతి, ఈ పనికి సరిపోతుంది. నీ ఇబ్బందిలో ఎక్కువ భాగం రంగు చిక్కదనంలో ఉంది, మిగతాది మన ఎండలో ఉంది. రంగు ప్లాస్టిక్ మీద తడిగా పడాలి, పడిన తర్వాతే ఆరాలి. గాలిలో ఉండగానే ఆరిపోతే ఇసుక అవుతుంది. పడ్డాక ఆరే సమయం ఇవ్వకుండా ఇంకా ఇంకా పోస్తే సాలెకాళ్లు వస్తాయి. నాజిల్ లోపలి నుంచి బయటికి వచ్చే సూది కొస మీద ఆరితే ఉమ్ముతుంది. నీకు మూడు జబ్బులు కనిపిస్తున్నాయి కానీ మూడింటి మూలం ఒక్కటే: రంగు ఎక్కడ, ఎప్పుడు ఆరుతోంది అన్నది. రోజుకి అరగంట చొప్పున రెండు మూడు వారాలు ప్లాస్టిక్ చెంచాల మీద చేయి తిప్పితే నీ స్పిట్‌ఫైర్ మీద ధైర్యంగా వేయగలవు.

నేను కాజీపేటలో రైల్వే ఉద్యోగిని. మోడల్స్ కట్టడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, ఎయిర్‌బ్రష్ పట్టి పద్నాలుగేళ్లు. అప్పట్లో వరంగల్‌లో ఇది నేర్పేవాళ్లు నాకెవరూ దొరకలేదు. చివరికి కార్ల డెంటింగ్, పెయింటింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గర ఆదివారాలు కూర్చుని చూశాను. ఆయన గన్ పెద్దది, మనది చిన్నది, అంతే తేడా. ఆయన పని చేస్తున్నంతసేపూ తలని ఒక పక్కకి వంచి, డోర్ మీద లైట్ ఎక్కడ మెరుస్తోందో అక్కడే చూసేవాడు. "రంగుని చూడకు, తడిని చూడు" అనేవాడు. నాకు తెలిసిన ఎయిర్‌బ్రష్ విద్యలో సగం ఆ మాటలోనే ఉంది.

అది ఎలా చూడాలో చెప్తాను. ట్యూబ్‌లైట్ వెలుగు రెక్క మీద పడి నీ కంటికి మెరిసేలా మోడల్‌ని పట్టుకో. రంగు సరిగ్గా పడితే ఆ చోటు ఒకటి రెండు సెకన్లు తడిగా మెరిసి, తర్వాత మెల్లగా మెరుపు తగ్గి మ్యాట్ అవుతుంది. అసలు మెరవకుండా పొడిపొడిగా రంగు మారుతుంటే పొడిగా పడుతోందన్నమాట: దగ్గరికి రా, లేదా ఇంకాస్త పల్చన చెయ్. మెరుపు పోకుండా నీటిబొట్టులా నిలిచిపోతే ఎక్కువ పడుతోంది: ట్రిగ్గర్ తగ్గించు, చేయి వేగంగా కదుపు. ఈ మెరుపుని చదవడం వచ్చిన రోజు ఏ కంపెనీ రంగు ఇచ్చినా, ఏ బ్రష్ ఇచ్చినా నువ్వే సర్దుకోగలవు. నిష్పత్తులు, ప్రెషర్ అంకెలు అన్నీ ఆ మెరుపు దగ్గరికి చేరడానికి దారులే.

పల్చదనం. "పాలలా ఉండాలి" అని అందరూ చెప్తారు. ఆ మాట నన్ను ఏడాది పాటు తప్పుదారి పట్టించింది, ఎందుకంటే మా ఇంట్లో పాలంటే గేదె పాలు. కావలసింది నీళ్లు కలిపిన పాల పల్చదనం. పరీక్ష ఇలా చెయ్: చిన్న కప్పులో రంగు కలిపి, పుల్లతో కొంచెం కప్పు గోడ మీదికి లాగు. అది వెంటనే కిందికి జారి, గోడ మీద పల్చటి రంగు పొర మిగలాలి. అస్సలు జారకపోతే చిక్కన. జారాక గోడ మీద ఏమీ మిగలకపోతే మరీ పల్చన.

తమియా కంపెనీ అక్రిలిక్ రంగు అయితే ఒక వంతు రంగుకి ఒక వంతు వాళ్ల ఎక్స్-20ఏ థిన్నర్‌తో మొదలుపెట్టు. సన్నటి పనికి థిన్నర్ రెండు వంతుల దాకా వెళ్లొచ్చు. వాలెహో కంపెనీ మోడల్ ఎయిర్ రంగు సీసాలోనే పల్చగా వస్తుంది, నేరుగా వేయొచ్చు అంటారు. మన వేడికి నాకు అది చాలదు. వాళ్ల థిన్నర్ కొద్దిగా, రంగు సాఫీగా పారేలా చేసే ఫ్లో ఇంప్రూవర్ రెండు మూడు చుక్కలు వేస్తాను. కలపడం ఎప్పుడూ బయట కప్పులోనే చెయ్. బ్రష్ కప్పులో కలిపితే అడుగున చిక్కటి రంగు నాజిల్‌లోకి దిగి ముందే అడ్డం పడుతుంది.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. తమియా రంగులో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పల్చన చేయొచ్చు, అయితే ఇంకా త్వరగా ఆరుతుంది. అదే ఆల్కహాల్ వాలెహోలో పోశావంటే పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలవుతుంది. నాకు ఒకసారి అలాగే జరిగి, నాజిల్‌లో గట్టిపడిన జిగురుని తీయడానికి ఒక పూటంతా పట్టింది. కాబట్టి కొత్త రంగు కొన్నప్పుడు దాని థిన్నర్ కూడా అదే కంపెనీది కొను. డబ్బు ఆదా చేసే చోటు ఇది కాదు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్‌తో రంగు కలిపి మోడల్ మీద వేయకు. అది చాలా ఘాటు, కిట్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. లోహపు భాగాలు కడగడానికి నేను వాడతాను, అదీ రబ్బర్ వాషర్లు విప్పేశాకే. నీళ్లతో కలిపే రంగులకి, బ్రష్ కడగడానికి బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరక మిగులుతుంది, ముదురు ఆకుపచ్చ మీద అది బాగా కనిపిస్తుంది.

ఇక ఎండ. ఎయిర్‌బ్రష్ గురించి మనం చూసే వీడియోల్లో చాలావరకు చల్లటి దేశాల్లో చేసినవి. వాళ్లు 20 డిగ్రీల గదిలో కూర్చుని చెప్పిన నిష్పత్తి మే నెలలో, బయట 43 డిగ్రీలున్నప్పుడు వరంగల్‌లో పనిచేయదు. నాజిల్ నుంచి రెక్క దాకా ఉన్న ఆ రెండు మూడు అంగుళాల ప్రయాణంలోనే రంగులోని తడి ఎగిరిపోతుంది.

దీనికి నా దగ్గర బాధాకరమైన అనుభవం ఉంది. మా బాబాయి ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఆయన ఎక్కువ కాలం పనిచేసింది హంటర్ విమానాల మీద. ఆయన పుట్టినరోజుకి ఇవ్వాలని 1/72 హంటర్ కట్టాను. సెలవులు దొరికింది మే నెలలో, అదీ మధ్యాహ్నాలు, పైన ఫ్యాన్ గిరగిరా తిరుగుతుండగా రంగు వేశాను. దూరం నుంచి బాగానే కనిపించింది. బాబాయి చేతిలోకి తీసుకుని బొటనవేలితో రెక్క మీద నిమిరి, "మా విమానం ఇంత గరుకుగా ఉండేది కాదురా" అన్నాడు. ఆయన కోపంతో అనలేదు, ఆయన చేతికి ఆ రెక్క గుర్తుంది కాబట్టి అన్నాడు. అదే వారం మొత్తం రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగేశాను. డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున మళ్లీ వేశాను. ఇప్పుడది ఆయన అద్దాల బీరువాలో ఉంది.

అప్పటి నుంచి నేను పాటించేవి ఇవి. వేసవిలో ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర లోపే రంగు వేస్తాను. సీలింగ్ ఫ్యాన్ ఆపేస్తాను. ఫ్యాన్ రంగుని గాలిలోనే ఆరబెడుతుంది, దుమ్ము కూడా లేపుతుంది. చెమట పడితే భరిస్తాను, నుదుటికి చేతిరుమాలు కట్టుకుంటాను. అక్రిలిక్‌లో రెండు మూడు చుక్కలు రిటార్డర్ వేస్తాను. అది ఆరడాన్ని నెమ్మది చేస్తుంది. ఎక్కువ వేస్తే రంగు రోజుల తరబడి జిగటగా ఉంటుంది కాబట్టి చుక్కల్లోనే ఉండు. బ్రష్‌ని చలికాలంలో కంటే ఒక అంగుళం దగ్గరికి తెస్తాను.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. లాకర్ రంగులు, అంటే ఘాటైన థిన్నర్‌తో కలిపే మిస్టర్ కలర్ లాంటివి, వానకాలపు తేమలో వేస్తే గాలిలోని నీరు రంగు మీద పట్టి తెల్లగా మబ్బు పడుతుంది. ఒక నాట్ ఫైటర్ మోడల్ అలా పాలిపోయింది నాకు. ఎండ వచ్చిన రోజు దాని మీద లెవెలింగ్ థిన్నర్ (లాకర్‌ని మెల్లగా ఆరనిచ్చే థిన్నర్) ఒక్కటే పల్చగా పొగలా వేస్తే చాలావరకు తేరుకుంది. ముసురు పట్టిన రోజు లాకర్ జోలికి వెళ్లకు. వేసవిలో ఎయిర్ కూలర్ నడుస్తున్న గదిలో కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే కూలర్ చేసేది గదిని తేమతో నింపడమే. కంప్రెసర్ పైపులో కూడా వానాకాలం నీళ్లు చేరతాయి. రంగు మధ్యలో ఉన్నట్టుండి ఒక నీటిచుక్క ఊడిపడి వలయం ఏర్పడిందంటే అది ఇదే. ఆ నీళ్లని పట్టి ఆపే చిన్న మాయిశ్చర్ ట్రాప్ బ్రష్ కింద బిగించేది దొరుకుతుంది, తెచ్చుకో.

దుమ్ము గురించి కూడా ఒక మాట. మా చెల్లెలి ఇల్లు ఏనుమాముల మార్కెట్ వైపు. పత్తి బండ్లు వచ్చే రోజుల్లో ఆ ఇంట్లో రంగు వేసి చూశాను. సన్నటి నూగు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, తడి రెక్క మీద వాలుతుంది. మీ ఇంటి చుట్టుపక్కల ఏముందో గమనించు. పని మొదలుపెట్టే ముందు నేల తడిగుడ్డతో తుడిచి, వేసిన వెంటనే మోడల్ మీద స్వీట్ డబ్బా బోర్లించు.

ప్రెషర్, దూరం. మామూలు పనికి గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ, అది కంప్రెసర్ మీటర్ చూపించే కొలత. ఈ అంకె చూడాల్సింది ట్రిగ్గర్ నొక్కి గాలి వెళ్తున్నప్పుడు; వదిలేసి ఉన్నప్పుడు మీటర్ ఎక్కువ చూపిస్తుంది. దూరం రెండు నుంచి మూడు అంగుళాలు, సన్నటి గీతకి ఒక అంగుళం. దగ్గరికి వెళ్లే కొద్దీ ప్రెషర్ తగ్గాలి, రంగు పల్చబడాలి, ట్రిగ్గర్ వెనక్కి లాగేది తగ్గాలి. ఈ నాలుగూ కలిసి కదులుతాయి. నీ సాలెకాళ్లు ఎక్కడ వచ్చాయో నువ్వు పెట్టిన ఫోటోలో చూశాను. రెక్క, బాడీ కలిసే మూల అది. అక్కడికి దగ్గరగా వెళ్లావు, ప్రెషర్ మాత్రం అంతే ఉంచావు, గాలి తడి రంగుని తోసేసింది.

ట్రిగ్గర్ క్రమం ఎవరికి చెప్పినా నేను ముగ్గు దగ్గరికే తీసుకెళ్తాను. మీ అమ్మ ముగ్గు వేసేటప్పుడు చూడు. చేయి ముందు కదలడం మొదలవుతుంది, తర్వాత పిండి పడుతుంది. గీత చివర పిండి ఆగిపోతుంది, చేయి ఇంకా కొంచెం వెళ్తుంది. అందుకే గీత మొదట్లో, చివర్లో ముద్ద పడదు. ఇక్కడా అంతే: ముందు కిందికి నొక్కి గాలి, చేయి కదిలాక వెనక్కి లాగి రంగు, గీత అయ్యాక రంగు ఆపు, ఆ తర్వాత గాలి. రంగు ఆపకుండా గాలి ఆపితే కొస మీద రంగు నిలిచిపోయి, తర్వాతి సారి నొక్కగానే చుక్క ఉమ్ముతుంది. నీ చుక్కల్లో కొన్ని ఇవే అయ్యుంటాయి.

మిగతా చుక్కలు కొస ఎండడం వల్ల వచ్చేవి. ఐదు నిమిషాలకోసారి థిన్నర్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో సూది కొసని మెల్లగా తుడువు, కాగితం మీద ఒకసారి వేసి చూసి మళ్లీ మోడల్ మీదికి రా. ఇది నాకిప్పుడు రెప్ప వేసినంత అలవాటు. తుడిచినా ఉమ్ముతుంటే సూది బయటికి తీసి, కొసని గోటి మీద తేలిగ్గా ఆనించి తిప్పి చూడు; గీరుకుంటే వంగింది. కప్పులో బుడగలు వస్తుంటే నాజిల్ సరిగ్గా కూర్చోలేదు, లేదా చీలింది.

సాధన విషయానికొస్తే, మొదటి వారం మోడల్ రంగు అసలు వాడకు. నీళ్లలో నాలుగు చుక్కలు పెన్ ఇంక్ కలిపి చార్టు మీద వెయ్. పెన్సిల్‌తో అంగుళానికొక చుక్క పెట్టి, ప్రతి చుక్క మీద సరిగ్గా ఒక చిన్న చుక్క పడేలా చెయ్. తర్వాత చుక్కల్ని గీతలతో కలుపు. తర్వాత లావుగా మొదలై సన్నగా ముగిసే గీతలు. రెండో వారం అసలు రంగుతో ప్లాస్టిక్ చెంచాలు. చెంచా వీపు విమానం ముక్కులా వంపు తిరిగి ఉంటుంది, అందుకే అది మంచి గురువు. ప్రతి చెంచా కాడ మీద ఆ రోజు పల్చదనం, ప్రెషర్, టైమ్, ఎండా మబ్బా అని మార్కర్‌తో రాయి. నా దగ్గర అట్టపెట్టె నిండా ఉన్నాయి, ఇప్పటికీ కొత్త రంగు వేసే ముందు తీసి చూస్తాను. మూడో వారం ఏదైనా చవక కిట్ రెక్కలు.

ఇక నీ స్పిట్‌ఫైర్. ముందు ముక్కలన్నీ గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో కడుగు. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి ఊడిరావడానికి పూసే జిడ్డు ఉంటుంది, దానికి మన చేతి చెమట, తల నూనె తోడవుతాయి. తలకి నూనె రాసుకున్న రోజు మోడల్ ముట్టుకుని, టేప్ పీకినప్పుడు రంగంతా దానితో ఊడొచ్చిన అనుభవం నాకుంది. తర్వాత ప్రైమర్. నిర్మల్ బొమ్మల వాళ్లు పొనికి కర్ర మీద నేరుగా రంగు వేయరు, ముందు పూత పూసి నున్నగా చేసుకుంటారు. మనకి కూడా ప్రైమర్ వల్ల రెండు పనులు అవుతాయి: రంగుకి పట్టు దొరుకుతుంది, జాయింట్ దగ్గర మిగిలిన గీత, ఎమరీ పేపర్ గాట్లు బయటపడతాయి. సన్నటి గ్రే ప్రైమర్ ఒక పొర చాలు.

నీకు ఏ స్క్వాడ్రన్ గుర్తులు వేయాలో ఇంకా తేల్చుకోలేదన్నావు. మన నేలతో సంబంధం ఉన్నది ఒకటి చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్.9ఏ విమానాలు వచ్చాయి, అందుకే దానికి హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకి కూడా ఆ పేరు ఉంది. 253 హరికేన్లు నడిపింది. 152 మాత్రం 1940లో వార్మ్‌వెల్ నుంచి నీ కిట్‌లో ఉన్న స్పిట్‌ఫైర్ మార్క్ 1లతోనే పోరాడింది. బాడీ మీద యూఎమ్ అక్షరాలు ఉంటాయి. ఆ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. నా అల్మరాలో అన్నిటికంటే ముందు వరసలో నిలబడేది ఆ విమానమే. వరంగల్ కూడా నిజాం రాజ్యంలోదే కదా, ఇక్కడి రైతు కట్టిన శిస్తు ఏదో రూపంలో ఆ డబ్బులో కలిసే ఉంటుందని ఆ రెక్కలకి రంగు వేస్తున్నంతసేపూ అనిపించింది.

1940 జూన్‌లో బ్రిటిష్ ఫైటర్ల కింది భాగానికి స్కై అనే లేత ఆకుపచ్చ రంగు వేయమని ఆదేశం వచ్చింది. తమియాలో అది ఎక్స్‌ఎఫ్-21. పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్. లేత నుంచి ముదురుకి వెళ్లు: ముందు కింద స్కై, ఒక రోజు ఆరనిచ్చి మాస్క్ చేసి డార్క్ ఎర్త్ మొత్తం పైభాగానికి, ఆ పైన గ్రీన్ పట్టీలు. ప్రతి రంగూ మూడు నాలుగు పల్చటి పొరల్లో రావాలి. మొదటి పొరలో కింది ప్రైమర్ కనిపిస్తూనే ఉంటుంది, కంగారుపడకు. ఒకే పొరలో కప్పేయాలని చూస్తే 1/72లో ఉన్న సన్నటి ప్యానెల్ గీతలు పూడిపోతాయి.

గోధుమ, ఆకుపచ్చ కలిసే అంచు ఎంత మెత్తగా ఉండాలి అన్నది ఒక లెక్క. ఈ స్కేల్‌లో ఒక మిల్లీమీటర్ అంటే అసలు విమానం మీద 72 మిల్లీమీటర్లు. చేతితో వేసినప్పుడు అంచు 5 మిల్లీమీటర్లు మసకబారితే, అసలు విమానం మీద అది 36 సెంటీమీటర్ల మసక. అప్పటి ఫైటర్ల మీద అంచు అంత వెడల్పుగా ఉండేది కాదు. అందుకే మొదటి మోడల్‌కి చేతితో అంచులు గీయొద్దు. బ్లూటాక్‌ని (పోస్టర్లు గోడకి అంటించే జిగట ముద్దని) సన్నటి తాడులా పాములా చేసి అంచు వెంట పెట్టి, మధ్యలో మాస్కింగ్ టేప్ నింపి, బ్రష్‌ని నిటారుగా పట్టుకుని వెయ్. అంచు సహజంగా, ఒక వెంట్రుకవాసి మెత్తగా వస్తుంది. టేప్ అంటించే ముందు ఒకసారి అరచేతికి అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది, రంగు ఊడదు.

అంతా అయ్యాక గ్లాసీ క్లియర్ కోట్, దాని మీద డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు), మళ్లీ మ్యాట్ కోట్. మ్యాట్ రంగు మీద నేరుగా డెకాల్ అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా తెల్లగా మెరుస్తుంది. ప్రీ షేడింగ్, బ్లాక్ బేసింగ్ లాంటివి, అంటే కింద ముదురు రంగు వేసి పై రంగులో నీడలు తెప్పించే పద్ధతులు, ఈ మోడల్‌కి పక్కన పెట్టు. నాలుగైదు మోడల్స్ అయ్యాక వాటి అవసరం నీకే తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 26న మన వైమానిక దళం మిగ్-21కి వీడ్కోలు పలికాక నన్ను చాలామంది ఆ కిట్‌తోనే మొదలుపెడతాం అని అడిగారు. నాకూ ఆ విమానమంటే ప్రాణం. కానీ దాని మెరిసే లోహపు రంగు కింద ఉన్న ప్రతి గాటునీ చూపిస్తుంది, దాని కింద వేసే నల్లటి మెరుపు పూత అద్దంలా రావాలి. రెండో ఏడాదికి దాచుకో.

కడగడం రంగు వేయడంలో భాగమే, తర్వాత చేసే పని కాదు. రంగు మార్చేటప్పుడు కప్పు తుడిచి, థిన్నర్ పోసి, తెల్ల కాగితం మీద రంగు కనిపించనంతవరకు వదులు. రోజు చివర్లో సూది వెనక్కి మెల్లగా లాగి, తుడిచేటప్పుడు ఎప్పుడూ కొస వైపుకే తుడువు. తిరిగి పెట్టేటప్పుడు ఆగిన చోట ఆపెయ్. బలంగా నెడితే నాజిల్ చీలుతుంది, నా మొదటి నాజిల్ అలాగే పోయింది. మొత్తం బ్రష్‌ని థిన్నర్‌లో ముంచి ఉంచితే లోపలి వాషర్లు ఉబ్బిపోతాయి.

ఇంకా ఖరీదైనది కొనాలా అని అడిగావు కాబట్టి, ఖర్చు పెట్టే వరుస ఇదీ: ముందు మాస్క్, తర్వాత మూడు లీటర్ల ట్యాంకు, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్, అన్నిటికంటే చివర కొత్త బ్రష్. ట్యాంక్ లేని కంప్రెసర్ గాలిని గుండె కొట్టుకున్నట్టు దఫదఫాలుగా పంపుతుంది, సన్నటి గీత పూసల్లా తెగుతుంది. పెద్ద భాగాలకి నీ చిన్నది ఇప్పటికి సరిపోతుంది. మాస్క్ మాత్రం వాయిదా వేయకు. ఎన్95 మాస్క్ రంగు తుంపరని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (థిన్నర్ ఆవిరిని పీల్చుకునే డబ్బీలు) ఉండే, ముక్కూ నోరూ కప్పే మాస్క్ కొను, కార్ట్రిడ్జ్‌లు అరిగాక మార్చు. నేను మొదటి మూడేళ్లు చేతిరుమాలు కట్టుకుని వేశాను, చలికాలంలో ఇప్పటికీ దగ్గు వదలదు. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకో. వంటింట్లో, దేవుడి దీపం వెలిగే గదిలో లాకర్ ఎప్పుడూ వేయకు, ఆ ఆవిరి అంటుకుంటుంది.

ఈ ఆదివారం పొద్దున్నే ఇప్పుడున్న బ్రష్‌తో ఆరు చెంచాలు వెయ్: రెండు ఒకటికి ఒకటి, రెండు ఒకటికి ఒకటిన్నర, రెండు ఒకటికి రెండు. ఆరాక కిటికీ దగ్గర పగటి వెలుతురులో పక్క నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టు. పై నుంచి తీస్తే ఇసుక కనిపించదు.